చెయ్యి చాపితే కనబడే పేరు

నా చిన్నప్పుడు మా వైపు ఆడపిల్లలకు పచ్చబొట్టు పొడిపించడం ముక్కు కుట్టించినంత మామూలు సంగతి. తేలు, తులసికోట, చుక్కల ముగ్గు, ఎవరికి నచ్చింది వాళ్ళు ముంజేతి మీద పొడిపించుకునేవారు. పెద్దవాళ్ళ చేతులు చూసుకుంటూ, మన వంతు వచ్చినప్పుడు ఏది అడగాలా అని నా ఈడు పిల్లలం ముందే అనుకుని పెట్టుకునేవాళ్ళం. నేను తేలు అనుకున్నాను. తీరా నా వంతు వచ్చేసరికి మా ఇంట్లో తేలు మాట ఎత్తే పరిస్థితి లేదు. అంతకుముందు ఏడు మా తమ్ముడు గుంతకల్లు స్టేషనులో తప్పిపోయాడు.

మాది అనంతపురానికి పడమరగా ఉన్న మెట్ట ఊరు. వాన పడితే శెనక్కాయ పండేది. పడకపోతే నేలంతా ఎర్రగా, బోడిగా పడి ఉండేది. నాయన, అమ్మ, నేను, తమ్ముడు, మా అత్త, ఇంతే మా ఇల్లు. అత్త అంటే నాయన చెల్లెలు. పెళ్ళయిన కొన్నాళ్ళకే ఆమె భర్త బావి తవ్వుతుండగా మట్టి విరిగి మీద పడి చనిపోయాడు. పుట్టింటికి తిరిగి వచ్చింది. తమ్ముడు పుట్టింది ఆ తర్వాతే. అమ్మ తెల్లవారకముందే కూలికి పోతే వాడికి నీళ్ళు పోసి, తినిపించి, చంకన వేసుకుని తిరిగింది అత్తే. వాడికి మొదట వచ్చిన మాట కూడా అత్తే. దానికి అమ్మ నవ్వేది గాని ఏనాడూ నొచ్చుకోలేదు.

వాడు తప్పిపోయిన ఏడు వేసిన విత్తనం కూడా తిరిగి రాలేదు. బళ్ళారి వైపు పత్తి తీయడానికి మనుషులు కావాలంటే ఇంటిల్లిపాదీ బయలుదేరాం. గుంతకల్లులో బండి మారాలి. ప్లాట్‌ఫారం నిండా మాలాంటి వాళ్ళే. మూటలు, గంపలు, పిల్లలు. నాయన బండి సంగతి కనుక్కోవడానికి పోయాడు. అమ్మ చెంబు తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని కొళాయి దగ్గరికి పోయింది. తమ్ముడి చెయ్యి అత్త చేతిలో ఉంది. ఇంతలో బండి రావడం, జనం ఒక్కసారిగా లేచి తోసుకోవడం జరిగిపోయాయి. మా మూట ఎవరి కాళ్ళ కిందనో పడి ఈడ్చుకుపోతుంటే అత్త వంగి దాన్ని లాక్కుంది. లేచి చూస్తే పిల్లవాడు లేడు.

ఆ బండి వెళ్ళిపోయాక ఖాళీ అయిన ప్లాట్‌ఫారం మీద అత్త అటూ ఇటూ పరుగెత్తిన పరుగు నా కళ్ళ ముందు ఇప్పటికీ ఉంది. పోలీసులకు చెప్పాం. నాయన ముందరి స్టేషన్లన్నీ దిగి దిగి అడిగి వచ్చాడు. అమ్మ పట్టాల వెంబడి వాడి పేరు పెట్టి కేకలు వేస్తూ నడిచింది. వాడికి తన పేరు చెప్పడం వచ్చు. మీ ఊరేదిరా అని అడిగితే మాత్రం "మా ఊరు" అనేవాడు. అంతకు మించి వాడికి తెలియదు.

వాడు దొరకలేదు. మేము పత్తికి పోలేదు, మా ఊరికే తిరిగి వచ్చాం.

ఆ రోజు నుంచి అమ్మ అత్తతో మాట్లాడలేదు. తిట్టిందీ లేదు, కొట్టిందీ లేదు, ఇంట్లోంచి పొమ్మన్నదీ లేదు. ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర కూర్చునేవాళ్ళు. సంగటి దించాల్సి వస్తే అమ్మ నా వైపు తిరిగి "మీ అత్తకు చెప్పు, కుండ దించమని" అనేది. అత్త మూరెడు దూరంలోనే ఉండేది. నేను చెప్పేదాకా ఆగి, అప్పుడు దించేది. నేను బడికి పోయినప్పుడు ఆ ఇంట్లో ఏ మాటా ఉండేది కాదని మా పక్కింటి అవ్వ చెప్పేది. అన్నం వడ్డించేటప్పుడు అత్త అందరికీ పెట్టి, అడుగున మిగిలింది గోకి తిని, గోడవైపు తిరిగి పడుకునేది. ఆమె అప్పటికి ఇంకా వయసులోనే ఉంది. ఆ ఒక్క ఏడాదిలోనే తల నెరిసిపోయింది.

మరుసటి ఏడూ వాన రాలేదు. బావులు ఎండాయి. ఊరి బయట బోరింగు కొట్టి కొట్టి చేతులు పడిపోతే బిందె అడుగు తడిసేది. ఎద్దులను తోలుకుపోయి అమ్మేశారు. చెరువు పూడిక తీసే కరువు పని కొన్నాళ్ళు నడిచి ఆగిపోయింది. ఒక్కొక్క ఇల్లూ తలుపులేసుకుని పోవడం మొదలైంది. ఇక మాకూ తప్పదని నాయన అన్నాడు. మళ్ళీ బళ్ళారి వైపే, మళ్ళీ గుంతకల్లు మీదుగానే.

అమ్మ ఆ మాట విని నన్ను దగ్గరికి లాక్కుని, నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "పాపకు పచ్చబొట్టు పొడిపించి గానీ ఈ ఊరు దాటించను" అంది.

పచ్చబొట్లు పొడిచే ముసలామె మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేది. ఆ వారంలోనే వచ్చింది. మా తిన్నె మీద గంప దించి, దారంతో కట్టిన సూదులు, దీపపు మసిలో ఆకు పసరు కలిపిన నల్లటి రంగున్న చిప్ప బయటపెట్టింది. అలవాటు కొద్దీ "ఏం పొడవల్ల పాపా? తేలా, తులసికోటా?" అని నన్నే అడిగింది. నేను అమ్మ ముఖం చూశాను.

నాయన ముందు మాట్లాడాడు. "ఆంజనేయసామిని పొడువమ్మా. ఆయప్పే చూసుకుంటాడు."

"సామి నోరు తెరిచి ఊరి పేరు చెప్తాడా?" అంది అమ్మ. "ఊరి పేరు పొడువు."

"ఆ పక్కంతా కన్నడమోళ్ళు. మన అచ్చరాలు వాళ్ళకేం తెలుస్తాయి?"

"రెండూ ఒక మాదిరే ఉంటాయంటప్పా. చదువొచ్చినోళ్ళు పోల్చుకుంటారులే" అంది ముసలామె. ఆమెకు ఏ అక్షరాలూ రావు. ఎవరైనా నేల మీద రాసి చూపిస్తే చూసి పొడుస్తుంది.

ఇక ఎక్కడ పొడవాలన్నది తేలలేదు. ఆడపిల్ల, రేపు పెళ్ళి చూపులకు వచ్చినవాళ్ళు చేతి మీద ఊరి పేరేమిటని అడుగుతారు, జబ్బ మీద పొడిస్తే రైక చేతి కింద ఉంటుందని నాయన ఉద్దేశం. మణికట్టు దగ్గరైతే గాజులు రుద్దుకుని అక్షరం చెడుతుందని ముసలామె చెప్పింది. అమ్మ అన్నీ విన్నది. తర్వాత నా ఎడమ చెయ్యి పట్టుకుని, అరచెయ్యి పైకి వచ్చేలా తిప్పి, ముంజేతి లోపలి వైపు తెల్లగా మెత్తగా ఉన్నచోట వేలు పెట్టింది.

"ఈడ. చెయ్యి చాపి ఎవరినన్నా అడిగితే కనపడల్ల. ముడుచుకుంటే కనపడకూడదు."

ఏడాది పాటు మనసులో ఎన్నిసార్లు ఆ చోటు వెతుక్కుని ఉంటే అంత తడుముకోకుండా వేలు పెట్టిందో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

పాప పేరు కూడా పొడవాలా అని ముసలామె అడిగింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దు. పేరు తెలిస్తే ఎవరైనా పేరు పెట్టి పిలుస్తారు. పిలిస్తే పిల్లోళ్ళు పోతారు." ఆ మాట అని నేల చూపులు చూసింది. నాయన అటు తిరిగాడు. ఎవరి గురించి అనుకుంటోందో చెప్పనక్కర్లేదు.

ముసలామె సూదులు చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టింది. "నేనొక మాటంటా, ఏమనుకోవద్దు తల్లీ. ఊరి పేరు చూసి ఎవరో పుణ్యాత్ములు పాపను ఈడికి తెస్తారే అనుకో. ఎవరి చేతికిస్తారు? నేను నాలుగూర్లు తిరిగొచ్చినా. యాడ చూసినా తలుపులకు బీగాలే. మీరూ పోతాండారు. ఈడ ఎవరుండారని?"

అమ్మ ఆ సంగతి ఆలోచించలేదు. ఏడాదిగా కట్టుకున్నదంతా ఒక్క మాటతో కూలిపోయినట్టు అలాగే కూర్చుండిపోయింది. నాయన బీడీ తీశాడు గాని ముట్టించలేదు.

అప్పుడు గడప లోపల నుంచి అత్త గొంతు వినిపించింది. "నేను పోను. నేనీడే ఉంటా."

నాయన ఉలిక్కిపడి లేచాడు. "ఏం తిని ఉంటావు? నీళ్ళు యాడ తెచ్చుకుంటావు? ఊర్లో నలుగురు ముసలోళ్ళు తప్ప మనిషి లేడు. నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

అత్త తలుపు పట్టుకుని నిలబడి ముసలామెతోనే మాట్లాడింది. "ఊరి పేరు కింద నా పేరు గూడా పొడువమ్మా. ఎవరు తెచ్చినా నేనుంటా." కాసేపటికి, మాకు వినపడీ వినపడనట్టు అంది. "వాడొచ్చినా ఉంటా."

కొడుకును చేతిలోంచి జారవిడిచిన మనిషి పేరు, మిగిలిన ఒక్క కూతురి చేతి మీద చచ్చేదాకా చెరగకుండా ఉండాలి. దానికి అమ్మ ఒప్పుకోవాలి. నేను చిన్నదాన్ని, ఇన్ని మాటల్లో అనుకోలేదు. కానీ అమ్మ నా చెయ్యి వదిలేసి కొంగు సర్దుకోవడం చూశాను. ఆమె లేచి లోపలికి పోతుందేమోననీ, ఆ పూటతో ఆ ఇల్లు రెండవుతుందేమోననీ భయం వేసింది.

అమ్మ తల ఎత్తింది. అప్పుడు కూడా నా వైపు తిరిగి "మీ అత్తకు చెప్పు" అంటుందనే అనుకున్నాను. అనలేదు. నేరుగా అత్తను చూసింది.

"ఇట్ల రా. పాప చెయ్యి పట్టుకో. సూది కుచ్చితే ఎనక్కి లాక్కుంటాది. ఏడ్చినా వదలొద్దు."

అత్త అక్కడే నిలబడిపోయింది. అమ్మ మరోసారి "రా" అనాల్సి వచ్చింది. వచ్చి నా పక్కన కూర్చుని, రెండు చేతులతో నా మణికట్టు, మోచెయ్యి పట్టుకుంది. ఆ చేతులు ఎంత వణికాయంటే ముసలామె కోప్పడింది. అమ్మ తన చెయ్యి తెచ్చి ఆ చేతుల మీద వేసి అదిమింది. వణుకు ఆగలేదు గాని తగ్గింది.

మా ఇంట్లో చదువొచ్చింది నాకొక్కదానికే. అందుకని ఊరి పేరు, దాని కింద అత్త పేరు నేనే పుల్లను మసిలో ముంచి నా చేతి మీద రాసుకున్నాను. వాటి మీదుగా సూదులు పడ్డాయి. ముసలామె నొప్పి మరిపించడానికి పాట ఎత్తుకుంది గాని ఆ నొప్పి పాటతో పోయేది కాదు. గట్టిగా అరిచాను. చెయ్యి లాక్కోబోయాను. అత్త వదల్లేదు. ఆమె గోళ్ళు దిగిన గుర్తులు పచ్చబొట్టు పుండుతో పాటే మానాయి. అంతా అయ్యాక పసుపు, ఆముదం రాసి, నా చెయ్యి తన ఒడిలో పెట్టుకుని అత్త ఏడ్చింది. అమ్మ ఏడవలేదు. లేచి పొయ్యి దగ్గరికి పోయి, కొద్దిగా మిగిలిన రాగిపిండి రెండు భాగాలు చేసి, పెద్ద భాగం మూతపెట్టి అత్త కోసం అటక మీద ఉంచింది.

మేము పోయాం. పత్తి తీశాం, తర్వాత కాలువ గట్ల మీద మట్టి మోశాం. నేను తప్పిపోలేదు. ఆ చెయ్యి ఎవరి ముందూ చాపాల్సిన అవసరం రాలేదు. వానలు పడ్డాయన్న కబురు విని తిరిగి వచ్చేసరికి ఊళ్ళో ఇద్దరు ముసలివాళ్ళు చనిపోయి ఉన్నారు. వాళ్ళకు చివరిదాకా నీళ్ళు పోసింది అత్తేనట. ఆమె ఎముకల గూడులా ఉంది. సర్కారోళ్ళు కరువు గంజి పోసినన్నాళ్ళు అది తాగి, అది ఆగాక ఆకులూ గింజలూ ఉడకబెట్టుకుని బతికింది. మా ఇంటి తలుపు మాత్రం ఒక్క పగలు కూడా మూయలేదని పక్కింటి అవ్వ చెప్పింది.

తమ్ముడు ఆ ఏడు రాలేదు. తర్వాతా రాలేదు. వాన బాగా పడిన సంవత్సరాల్లో కూడా అత్త ఊరు దాటి ఒక్క రాత్రి ఉండలేదు. నా పెళ్ళి కణేకల్ కాలువ కింది ఊళ్ళో జరిగింది. అత్త నన్ను బస్సు దాకా సాగనంపి, తల నిమిరి, అక్కడి నుంచే వెనక్కి తిరిగిపోయింది. అందరూ తప్పుపట్టారు. అమ్మ ఒక్కతే "పోనీండి, ఇంటి కాడ మనిషి ఉండల్ల గదా" అంది.

అత్త చనిపోయిన రోజు అమ్మే ఆమెకు నీళ్ళు పోసింది, ఇంకెవరినీ చెయ్యి వేయనివ్వలేదు. దినాలు అయ్యాక నేను అడిగాను, అత్త మీద కోపం ఆ పచ్చబొట్టు రోజునే పోయిందా అని. అమ్మ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "కోపం యాడికి పోతాది? ఈ పొద్దుకూ ఉండాది. ఉంటే? నిన్ను అప్పజెప్పేకి ఆయమ్మ కాకుండా నాకెవరుండారు?" అంది.

ఆ మాట నాతో ఉండిపోయింది. కోపం పూర్తిగా చల్లారితేనే మనిషిని మళ్ళీ దగ్గరికి తీయగలమని నేను అనుకునేదాన్ని. అమ్మ అలా ఆగలేదు. ఆగి ఉంటే మా ఇంట్లో ఆ మాట్లాడకపోవడం ఇద్దరూ పోయేదాకా సాగేది.

కొన్నేళ్ళ కిందట నా కోడలి ఏమరుపాటు వల్ల పొయ్యి మీది గంజి ఒలికి నా మనవడి కాలు కాలింది. నా కొడుకు బిడ్డను ఆ పిల్ల ముట్టుకోకూడదన్నాడు. నాకూ కడుపు మండిపోతూనే ఉంది. మరుసటి రోజు పొద్దున నేనే వాడిని ఎత్తుకుపోయి ఆమె ఒడిలో పెట్టాను. కట్టు మార్చమని చెప్పి, చెంబు తీసుకుని పొలం వైపు నడిచాను. పిల్లవాడి ఏడుపు వీధి మలుపు దాకా వినిపించింది. ఆగి వెనక్కి తిరిగి చూశాను. అయినా తిరిగి ఇంట్లోకి పోలేదు.