పచ్చ లైటు వచ్చేదాకా ఆగండి

నా ముఖంలో ఏదో లోపముంది. ఈ అరబ్బు దేశంలో, ఫర్వానియా బస్టాపులో ఎంతమంది నిలబడి ఉన్నా, బస్సు వచ్చి ఆగగానే, దేశానికి కొత్తగా వచ్చిన మనవాడు తిన్నగా నా దగ్గరికే వచ్చి "అన్నా, ఈ బస్సు యాడికి పోతాది?" అని అడుగుతాడు. బస్సు నుదుటిమీద గుమ్మడికాయంత అంకె వెలుగుతూ ఉంటుంది. పక్కనే ఊరిపేరు రెండు భాషల్లో ఉంటుంది. చదవడం రాని వాడైతే నాకూ జాలే. కానీ చేతిలో ఫోనులో సినిమా కబుర్లు చదువుకుంటున్న వాడే తలెత్తి అడుగుతాడు. మనవాళ్ళలో ఇదొక మర్యాద. పక్కన మనిషి ఉండగా బోర్డు చదివి వెళ్ళిపోవడం ఆ మనిషిని చిన్నబుచ్చడం కింద లెక్క. ఆ ఎండలో ఎంతమందికని చెప్పను? ఈమధ్య చెవుల్లో పాటల యంత్రం పెట్టుకుని వినబడనట్టు నటిస్తున్నాను. (ఇప్పుడు భుజం తట్టి అడుగుతున్నారు.)

ఆ రోజుల్లో మాత్రం ఎవరైనా నన్ను ఏదైనా అడిగితే చాలు, నాకు కడుపు నిండిపోయేది. ఆ రోజులంటే మరీ పూర్వకాలం కాదు. వాట్సాప్ ఉంది, వీడియో కాల్ ఉంది, నా మీసం ఒక్కటే ఇంకా ఒక నిర్ణయానికి రాలేదు. దజీజ్‌లో ఒక ఎయిర్ కూలర్ల గోడౌన్‌లో నాకు తొలి ఉద్యోగం. అక్కడ స్టిక్కర్లు అచ్చు కొట్టే మిషను ఒకటి ఉండేది. ప్రతి అట్టపెట్టెకూ ఆ గీతల స్టిక్కరు అంటిస్తేనే సరుకు గేటు దాటుతుంది. మిషను ఎవరో వాడి వదిలేసినది. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం దానితోపాటు రాలేదు. ఆ పుస్తకం ఉండవలసిన చోట నేను ఉండేవాణ్ణి. మిషను మొరాయించిన ప్రతిసారీ గోడౌన్ ఆ చివరినుంచి "యా ముహందిస్" అని కేక వినబడేది. ముహందిస్ అంటే అరబ్బీలో ఇంజనీరు. నేను చదివింది బీకాం కంప్యూటర్స్. ఈ చిన్న తేడాను సరిదిద్దే అవకాశం నాకు చాలాసార్లు వచ్చింది, ఎందుకో కుదరలేదు. కేక వినగానే నేను వెంటనే లేచేవాణ్ణి కాదు. టీ పూర్తిచేసి, నిట్టూర్చి, డాక్టరు వార్డులోకి వచ్చినట్టు వచ్చేవాణ్ణి. మిషను బాగుపడేది. అందరూ "మాషా అల్లా" అనేవారు. ఇంతకన్నా మనిషికి ఏం కావాలి?

అలాంటి ప్రశాంత జీవితంలోకి ఎందుకమ్మ వచ్చింది. అది నేను పెట్టిన పేరు. కెన్యా అమ్మాయి, నైరోబీలో కంప్యూటర్ డిప్లొమా చేసి, మా గోడౌన్‌లో డెలివరీ ఫోన్లు ఎత్తే పనిలో చేరింది. దేనికైనా మొదటి మాట "ఎందుకు?" (ఆమె మాట్లాడేది ఇంగ్లీషు. నేను తెలుగులో రాస్తున్నాను. దారిలో కొంత తరుగు పోతుంది, భరించండి.) పేరుకు అర్థం చెబితే కోపగించుకుంటుందనుకున్నాను. "బాగుంది. మా అమ్మ కూడా నన్ను ఇంచుమించు అదే అంటుంది, కాస్త గట్టిగా" అంది.

ఒకరోజు భోజనాల వేళ నా ముందు కూర్చుని సంగతి చెప్పింది. ఆఫ్రికా దేశాల ఆడపిల్లలు టెక్నాలజీ పనుల్లోకి రావడానికి ఒకరికొకరు చెయ్యందించుకునే బృందం ఒకటి ఆన్‌లైన్‌లో ఉందట. వాళ్ళు ఎంచుకున్న దారి రాయడం. ప్రోగ్రాములు రాసేవాళ్ళకే కాదు, ఒక వస్తువు ఎలా పనిచేస్తుందో అది ఎరగని మనిషికి అర్థమయ్యేలా రాయగలిగిన అమ్మాయికీ లోపల కుర్చీ ఉందని వాళ్ళ వాదం. ఆ బృందంలో ఎందుకమ్మకు పాఠం చెప్పే ఆవిడ లాగోస్‌లో ఉంటుంది. ఆవిణ్ణి నేను లాగోస్ అక్క అంటాను. అక్క పెట్టిన పరీక్ష ఇది: నీ దగ్గరున్న మిషను ఒకటి తీసుకో. దాన్ని ఎలా నడపాలో రాయి. ఆ మిషను మొహం ఎన్నడూ చూడని మనిషి నీ కాగితం ఒక్కటే చూసి దాన్ని నడపాలి. నడుపుతున్నంతసేపూ నువ్వు నోరు విప్పకూడదు, పక్కవాళ్ళూ విప్పకూడదు. మొదటినుంచి చివరిదాకా ఆపకుండా వీడియో తీసి పంపు. నెగ్గితే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో జీతమిచ్చే శిక్షణ. నైరోబీలో ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు.

"నా కాంట్రాక్టు వేసవితో ఖలాస్" అంది ఎందుకమ్మ. "ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా పొడిగిద్దామని ముదీర్ (అంటే మేనేజరు) ఇంతవరకూ మాటవరసకైనా అనలేదు. ఇది రాకపోతే వెనక్కి పోయి మా మామయ్య కొట్లో ఫోన్ కవర్లు అమ్మాలి. మా మామయ్య రోజంతా పాడతాడు. బాగా పాడడు."

ఇంత కష్టం విన్నాక ఎవరు కాదనగలరు? పైగా ఆమె రాస్తానన్నది నా మిషను గురించి. నా మహిమ లాగోస్ దాకా పోతుంది కదా అని వెంటనే ఒప్పుకున్నాను. (ఆ మహిమ కాగితమ్మీదికి ఎక్కితే నా దగ్గర ఇంకేం మిగులుతుందన్న ఆలోచన అప్పుడు రాలేదు. బీకాంలో అలాంటివి చెప్పరు.)

ఆమె ఇంగ్లీషులో రాసింది. మా గోడౌన్‌లో సగం మంది కడప, రాయచోటి వాళ్ళు కాబట్టి దాన్ని తెలుగు చేసే పని నాది. మంచి భాషలో రాశాను. "ఎర్ర బొత్తమును కాసేపు నొక్కి ఉంచవలెను" అని చదివి వినిపించి, అర్థం చెప్పాను.

"కాసేపు అంటే ఎంత?"

"కాసేపే."

"నిన్న మీ బాబాయి ఫోనులో 'కాసేపట్లో వస్తా' అన్నాడని చెప్పి, మధ్యాహ్నమంతా ఎదురుచూశావు. అంతసేపు నొక్కాలా?"

కొట్టేశాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేదాకా అని రాశాను. తర్వాత "స్టిక్కర్ల చుట్టను తగినట్లుగా అమర్చి" అన్నచోట మళ్ళీ ఆగింది. తగినట్లు అంటే ఎట్లు అంది. మన భాషలో తగినంత, తగినట్లు అనే రెండు మాటలు తీసేస్తే వంటలూ ఉండవు, పెళ్ళిళ్ళూ ఉండవు అని చెప్పి చూశాను. ఎందుకమ్మ కదల్లేదు. చివరికి కాగితం మీద నా భాష అంతా పోయి, పాలవాడికి రాసిన చీటీలా తయారైంది. ఆ వారమంతా ఆమె నేను మిషను దగ్గరికి వెళ్ళినప్పుడల్లా వెనకే వచ్చి నిలబడి చూసేది. అభిమానం అనుకున్నాను.

ఇక మిషను మొహం చూడని మనిషి కావాలి. మా వాళ్ళంతా చూసినవాళ్ళే, పైగా దాన్ని చూడగానే ముహందిస్ అని అరవడం అలవాటైనవాళ్ళు. దొరికినవాడు మా బాబాయి. జహ్రాలో ఒక ఇంటికి డ్రైవరు. బోర్డులన్నా కాగితాలన్నా ఆయనకు గౌరవం లేదు. "బోర్డు నిలబెట్టినోడు నిలబెట్టి పాయె. వాడు మళ్లొచ్చి సూసినాడా? మనిషినైతే అడగొచ్చు, గట్టిగా అడగొచ్చు" అనేది ఆయన సిద్ధాంతం. పార్కింగ్ నిషేధం అన్న బోర్డుకు ఆనుకుని నిలబడ్డ మనిషిని "ఈడ బండి పెట్టొచ్చునా?" అని అడగడం నేను చూశాను. ఇంతకన్నా కఠినమైన పరీక్ష లాగోస్ అక్కకు కూడా తోచి ఉండదు. నేను భయపడ్డాను. ఎందుకమ్మ మాత్రం మొహం వెలిగిపోయి "ఈయనే కావాలి" అంది.

శుక్రవారం మధ్యాహ్నం. వీడియో పంపడానికి ఆ సాయంత్రమే గడువు. బాబాయి తన యజమానురాలి పిల్లల్ని మాల్‌లో దింపి, దొరికిన ఆ కాస్త సందులో మా గోడౌన్‌కు వచ్చాడు. ఆవిడ ఫోను చేసిన మరుక్షణం వెళ్ళిపోవాలి. వీడియో తీసే పని నాది. రెండు చేతులతో ఫోను పట్టుకున్నాను. నా నోటి సంగతి ఎందుకమ్మకు తెలుసు. ఒక ఖర్జూరం ఈ బుగ్గలో, ఒకటి ఆ బుగ్గలో పెట్టించి, "మింగకు" అంది. తను పోయి గోడకు ఆనుకుని కప్పువైపు చూస్తూ నిలబడింది.

బాబాయి కాగితం అందుకుని, చదవకుండా నావైపు తిరిగాడు. "ఏం చేయల్లరా?"

నేను ఫోను ఆయన మొహానికి ఎదురుగా పట్టుకున్నాను.

"నిన్నేరా. ఈ స్విచ్చేనా?" నేను ఖర్జూరాలను బుగ్గల్లో సర్దుకున్నాను. "ఏమైందిరా, ఫోన్లో మీ పిన్నితో ఏమన్నా గొడవ పెట్టుకొంటివా? బుగ్గలేందిరా అట్ల ఉబ్బినాయి? పల్లు నొప్పా?" ఇక లాభం లేదని ఎందుకమ్మను చూశాడు. ఆమె కప్పులో ఏదో నక్షత్రం కనబడినట్టు చూస్తోంది. "బాగుండాది. ఇద్దరూ మౌనవ్రతం. సరే, ఈ దరిద్రపు కాగితమే దిక్కు" అని జేబులోంచి కళ్ళద్దాలు తీశాడు.

అప్పుడు ఒక వింత జరిగింది. బాబాయి చదివాడు. చదివినది చేశాడు. గోడ స్విచ్ వేశాడు. మూత తెరిచి చుట్ట పెట్టాడు. బొమ్మలో కొస ఎటువైపు ఉందో చూసి, తీసి, తిప్పి పెట్టాడు. ఎర్ర బటన్ మీద వేలుపెట్టి, బళ్ళో పిల్లాడిలా "ఒగటి, రెండు, మూడు" అని గట్టిగా లెక్కపెట్టాడు. తర్వాతి వాక్యం చదివాడు: పచ్చ లైటు వచ్చేదాకా ఆగండి. చేతులు వెనక్కి కట్టుకుని ఆగాడు.

మిషను మీద ఎర్రలైటే ఉంది.

ఆగాడు. ఆయన డ్రైవరు. ఈ దేశంలో ఎర్రలైటు దాటితే ఏమవుతుందో కెమెరాలు ఆయనకు నేర్పాయి. అలా ఎంతసేపైనా ఆగగలడు. అంతలో ఫోను మోగింది. స్పీకర్ మీద మామా (యజమానురాలిని ఇక్కడ అలాగే పిలుస్తారు) గొంతు గోడౌనంతా వినబడింది. "వేనక్? యల్లా!" ఎక్కడున్నావు, రా అని.

"సిగ్నల్, మామా. రెడ్డు" అన్నాడు బాబాయి, లైటు మీదినుంచి చూపు తిప్పకుండా. ఆయన జీవితంలో మామాకు చెప్పిన నిజాల్లో అంత స్వచ్ఛమైనది మరొకటి ఉండదు.

నాకు అప్పుడు వెలిగింది. ఆ మిషనుకు పచ్చలైటు దానంతట అది రాదు. ఎడమ పక్కన అరచేత్తో ఒకటి చరవాలి. నేను రోజూ చరిచేవాణ్ణి. కానీ చరుస్తున్నానని నాకే తెలియదు. తుమ్ము వస్తే ముక్కు తుడుచుకున్నట్టు చెయ్యి దానంతట అది పోయేది. ఎందుకమ్మకు అది నేను చెప్పనే లేదు. నా కళ్ళముందు నైరోబీలో ఒక మొబైల్ కొట్టూ, పాడుతున్న మామయ్యా కనబడ్డారు. చరుద్దామంటే చేతుల్లో ఫోను. చెబుదామంటే నోట్లో ఖర్జూరాలు. ఆ వీడియోలో ఈ చోట బొమ్మ వణుకుతుంది, "మ్మ్మ్" అని ఒక పశువు శబ్దం వినిపిస్తుంది. ఆ పశువును నేనే.

ఫోను మళ్ళీ మోగింది. "ఇంకా రెడ్డే, మామా." అవతల ఆవిడ అది ఏం సిగ్నలని అడిగింది. "పెద్ద సిగ్నల్, మామా" అన్నాడు.

ఉక్కపోతకు బాబాయి ఆ కాగితంతోనే విసురుకోవడం మొదలుపెట్టాడు. విసురుతూ విసురుతూ ఆగాడు. "వెనకాల గూడా ఏందో ఉండాదే" అన్నాడు. వెనక ఒక బొమ్మ ఉంది. నేను తెలుగు చేసి ఇచ్చాక ఎందుకమ్మ తనే వేసింది. మిషనూ, దాని ఎడమ డొక్కా, దానిమీద పడుతున్న అరచెయ్యీ. మణికట్టుకు తిరుపతి ఎర్రదారం. అది నా చెయ్యి. పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలేవో రాసి ఉన్నాయి. బాబాయి ఒక్కో అక్షరమే కూడబలుక్కుని, మిషనును ఫెడీమని చరిచి, "లెయ్ నాయనా, లెయ్" అన్నాడు.

పచ్చలైటు వచ్చింది. మిషను గురగురమని ఒక స్టిక్కరును కన్నది. బాబాయి దాన్ని పెట్టెమీద అంటించి, పెళ్ళికూతురికి బొట్టు పెట్టినంత శ్రద్ధగా వేలితో నొక్కాడు. నేను ఆనందంతో అరిచాను. ఒక ఖర్జూరం గింజ కెమెరాకు తగిలింది. ఎందుకమ్మ గోడ దగ్గరినుంచి వచ్చి బాబాయిని పట్టుకుని గిరగిరా తిప్పింది. ఆయన కళ్ళద్దాలు ఒక చెవికి వేలాడుతుండగా, "పాపా, మా మామా ఇంట్లో కాఫీ మిషనుకు గూడా ఇట్లాంటిదొకటి రాసియ్యి" అని పరుగెత్తాడు.

రెండ్రోజుల్లో లాగోస్ అక్క నుంచి కబురు వచ్చింది. నెగ్గింది. ఒకే ఒక ప్రశ్న: చరిచేటప్పుడు ఆ మాటలు అనడం తప్పనిసరా? "మా ముహందిస్ ప్రతిసారీ అనేవాడు. అనకుండా కొట్టగా నేను చూడలేదు. చూడనిది రాయకూడదని మీరే చెప్పారు" అని జవాబిచ్చింది ఎందుకమ్మ. అనకుండా కొట్టి చూద్దామా అని నన్ను అడిగింది కూడా. నేను ఒప్పుకోలేదు. కొన్నింటిని శాస్త్రానికి అప్పజెప్పకూడదు.

ఆ కాగితాన్ని ముదీర్ మిషను పక్కన గోడకు అంటించాడు. మొదటి వారం నన్ను ఎవరూ పిలవకపోతే నాకు జలుబు చేసి వినబడటం లేదేమో అనుకున్నాను. తర్వాత టీ తాగుతూ వినేవాణ్ణి. గోడౌన్ ఆ చివరినుంచి అరబ్బు వాడూ, బెంగాలీ వాడూ, మలయాళీ వాడూ వాళ్ళ వాళ్ళ యాసల్లో "లెయ్ నాయనా" అంటుండేవారు. అప్పటి నేను అనే ఆ పిల్లవాడు, నిర్ణయానికి రాని మీసంతో, చల్లారిన టీకప్పుతో, ఎవరైనా పిలుస్తారేమోనని అలా కూర్చుని ఉండటం ఇప్పటికీ కనబడుతుంది. దగ్గరికి పోయి ఏదైనా ఒకటి, కనీసం బస్సు ఎక్కడికి పోతుందనైనా, అడిగి రావాలనిపిస్తుంది.

ఎందుకమ్మ ఇప్పుడు నైరోబీలో తనే పాఠాలు చెబుతోంది. మొన్న శుక్రవారం పొద్దున వీడియోలో పిలిచింది. తెరనిండా చిన్న చిన్న గళ్ళు, గడికో అమ్మాయి. నైరోబీ, కంపాలా, అక్రా. వాళ్ళకు ఆ పాత కాగితం చూపించి, నన్ను చూపించి, "ఆ చెయ్యి ఈయనదే" అంది. నేను చెయ్యెత్తి చూపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక మూల గడిలో, కళ్ళద్దాల అమ్మాయి ఒకతె మాత్రం కొట్టలేదు. కాగితం మొత్తం చదవడం పూర్తిచేసి, తలెత్తి అడిగింది.

"దెబ్బ కొట్టడానికి ఒక్క క్షణం చాలు కదా. మిగతా రోజంతా ఈయన ఏం చేసేవాడు?"