మూత మీద చేప కళ్ళు

జయపాల్ బావ స్ప్రే గన్ చేతిలోకి తీసుకున్నాడంటే షెడ్డులో ఎవరూ తుమ్మకూడదు. ఫ్యాన్ వెయ్యకూడదు, తలుపు తియ్యకూడదు, ఫోన్ మోగకూడదు. ఓసారి నా ఫోన్ మోగితే ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగినచోట ల్యాకర్, అదే చెక్కకి మెరుపిచ్చే పూత, ధార కట్టి జారింది. దానికి నన్ను తిట్టిన తిట్లు గోదావరి అవతలి గట్టుకి వినిపించే ఉంటాయి. మనిషే అంత. మబ్బుని తిడతాడు, కరెంటోళ్ళని తిడతాడు, ఎవరూ దొరక్కపోతే గన్నుకి గాలి కొట్టే కంప్రెసర్ని తిడతాడు.

ఆయన మా మేనత్త తబిత కొడుకు. ఇల్లు పాలకొల్లు దగ్గర, రొయ్యల చెరువుల మధ్య. మావయ్య పోయాక అత్త కూలికెళ్ళి పెంచింది. పదో తరగతి తప్పాక భీమవరంలో ఆటోలకీ మేత లారీలకీ రంగు కొట్టే షెడ్డులో చేరాడు. వయసంతా అక్కడే పోయింది. మంచి మాస్కు కొనివ్వమంటే ఓనరు "జేబురుమాలు లేదేంట్రా నీకు?" అనేవాడట. ఆ రోజు ఏ రంగు బండి వస్తే దగ్గులో ఆ రంగు పడేది. కిందటేడు ఒకరోజు గన్ను బల్ల మీద పెట్టేసి వచ్చేశాడు, ఇక జన్మలో ఇనుము మీద రంగు కొట్టనని.

సరిగ్గా అప్పుడే నేను ఇంజనీరింగ్ మూడో ఏట మానేసి ఇంట్లో కూర్చున్నాను. ఆదివారం చర్చి బయట మా ఇద్దర్నీ చూసి జాలిపడని పెద్దమనిషి లేడు. ఆ జాలి భరించలేకే బావ వాళ్ళ ఇంటి షెడ్డులో కలిసి పని మొదలెట్టాం. సామిల్లులో మిగిలిన టేకు ముక్కలు తెచ్చి నేను నగల పెట్టెలు, బైబిలు స్టాండ్లు, పీటలు చేస్తాను. వాటికి ఆయన ల్యాకర్ కొడతాడు.

బుస్సుమని కొట్టెయ్యడమే కదా అనుకునేవాణ్ణి. కాదు. ముందు ఉప్పుకాగితంతో పామాలి. చెక్క సందులు మూసే సీలర్ కొట్టాలి. అది ఆరేసరికి చెక్క నూగు లేచి గరగరలాడుతుంది, మళ్ళీ పామాలి. అప్పుడు ల్యాకర్, పల్చగా, పొర మీద పొర. దగ్గర నుంచి కొడితే జారిపోతుంది. దూరం నుంచి కొడితే గాల్లోనే ఆరిపోయి పెట్టె మీద పొడిలా పడుతుంది. పైగా మా వైపు తేమ ఒక దరిద్రం. మబ్బుగా ఉన్నప్పుడు కొడితే అద్దంలా మెరవాల్సింది మజ్జిగ ఒలికినట్టు తెల్లబడుతుంది. ఎండ చూసుకుని కొడితే, ఎక్కడి నుంచో ఒక దోమ వచ్చి తడి మీద వాలి, అక్కడే చచ్చి, ఆ పెట్టెలో భాగమైపోతుంది. ఇనుము మీద తిరుగులేని మనిషిని చెక్క ఏడిపించేసింది.

ఆషాఢంలో పాలకొల్లు నుంచి గిఫ్ట్ షాపు సత్యప్రసాద్ గారు పిలిచారు. శ్రావణంలో ఆయనకి నగల పెట్టెలు బాగా పోతాయి. అవన్నీ రాజమండ్రి నుంచి తెప్పిస్తారు. మా పెట్టె ఒకటి అటూ ఇటూ తిప్పి చూశారు.

"చెక్కపని బావుందండి. పాలిష్ మీదే నాకు నమ్మకం లేదు. మచ్చ లేకుండా మూడు పెట్టెలు సోమవారానికి తెండి. నచ్చితే ఇకనుంచి మొత్తం మీకే."

"నచ్చకపోతేనండి?" అన్నాను.

"రాజమండ్రి ఎక్కడికీ పోలేదు కదండీ."

 ఆ వారమే భీమవరం ఓనరు కబురు పెట్టాడు, బళ్ళు ఎక్కువున్నాయి, బుద్ధొచ్చుంటే వచ్చి చేరమని. ఈ మూడు పెట్టెలు నచ్చితే వెళ్ళక్కర్లేదు. లేదంటే మళ్ళీ ఆ షెడ్డు, ఆ రంగు దగ్గు.

బుధవారం మంచి ఎండ కాసింది. పొద్దున్నే మూడు పెట్టెలూ నున్నగా పామి, గుడ్డతో తుడిచి, టిఫిన్ చేసొచ్చి మొదలెట్టాం. పక్కలు అద్దంలా వచ్చాయి. మూతల మీద మాత్రం, చూస్తుండగానే, ల్యాకర్ పక్కకి తప్పుకుని గుండ్రంగా చిన్న చిన్న గుంటలు పడ్డాయి.

"చేప కళ్ళు," అన్నాడు బావ. రంగు పనివాళ్ళు వాటినలాగే అంటారు. కింద జిడ్డు ఉంటే ల్యాకర్ పట్టదు, ఇలాగే అవుతుంది.

"చేపల చెరువుల మధ్య కూర్చుని చేప కళ్ళంటే భయమేంటి బావా?"

"నవ్వావంటే గన్ను నీ మొహం మీద పెడతా. తలకి నూనె రాశావా?"

"నేను నూనె రాసి ఎన్నాళ్ళైందో."

"చేతులు చూపించు."

నా రెండు చేతులూ వాసన చూశాడు, పోలీసు కుక్కలాగ. ఏం దొరకలేదు. కంప్రెసర్ గొట్టంలోంచి నూనె వస్తోందేమోనని దాన్ని ఊడదీసి, కడిగి, మళ్ళీ బిగించాం. మూతల మీద ల్యాకర్ అంతా గీకేశాం. ల్యాకర్ పల్చన చేసే థిన్నర్ కల్తీ అని పెయింట్ల కొట్టువాడితో గొడవేసుకుని కొత్త డబ్బా తెచ్చాం. మర్నాడు మళ్ళీ పామి, తుడిచి, టిఫిన్ చేసొచ్చి కొట్టాం. మళ్ళీ చేప కళ్ళే. ఈసారి ఇంకా పెద్దవి.

బావ కంప్రెసర్ని ఒక్క తన్ను తన్నాడు. దానికేం కాలేదు. ఈయన బొటనవేలు వాచింది.

"ప్రార్థన చేసుకుని మొదలెట్టండి నాయనా," అంది అత్త గుమ్మంలోంచి. "తొందరపడితే ఎలా?"

"చేశాంలే అమ్మా! నువ్వెళ్ళు."

శనివారం పొద్దున నేను చెడిపోయిన మూతల్ని వరసగా గోడకి ఆనించి చూస్తున్నాను. గుంటలన్నీ మూత మధ్యలోనే ఉన్నాయి. అంచుల్లో ఒక్కటీ లేదు. పైనుంచి కిందకి ఒక వరస, దానికి అడ్డంగా ఇంకో వరస. మూడింటి మీదా అంతే.

"బావా, గన్ను పాడైతే శిలువ వేస్తుందా?"

ఆయన వచ్చి చూశాడు. ఒక మూత తీసుకుని వెలుతురుకి పట్టాడు. తర్వాత ఆ మూతతోనే ఇంట్లోకి నడిచాడు. వెనకే నేనూ వెళ్ళాను.

అత్త దగ్గర ప్రార్థన నూనె సీసా ఒకటి ఉంటుంది. ఏదో ఉపవాస కూడికలో ఇచ్చారు. ఇంట్లో కొత్త పని ఏది మొదలైనా బొటనవేలితో దానిమీద శిలువ గుర్తు వేసి ప్రార్థిస్తుంది. బావ బైకు హ్యాండిల్‌కి రాసింది. నా ఇంజనీరింగ్ హాల్ టికెట్టుకి రాస్తే ఫోటో అంతా నూనె పీల్చుకుని, ఇన్విజిలేటర్ నన్ను నేనేనని నమ్మడానికి సగం పరీక్ష అయిపోయింది.

"అమ్మా, ఈ మూతలకి నూనె రాశావా?"

అత్త ములక్కాడలు తరుగుతోంది. మొహం వెలిగిపోయింది. "మరి? మీరు టిఫిన్‌కి లేచినప్పుడల్లా వెళ్ళి రాసొచ్చా. మొదటిసారి చెడిపోయిందన్నావు కదా, రెండోసారి కాస్త ఎక్కువే రాశాను."

నాకు నవ్వొచ్చింది. బావకి రాలేదు.

"నువ్వే నా కొంప ముంచావు! రాత్రింబగళ్ళు చస్తున్నాను, కొట్టువాడితో కొట్టుకున్నాను, మొత్తం చేసింది నువ్వా! ఎవరు రాయమన్నారు నిన్ను? ఆ జిడ్డు చేతులేసుకుని షెడ్డులో అడుగు పెట్టావంటే చూడు!"

మొదటి మాట వరకూ సరే. జిడ్డు చేతులన్న మాట అనక్కర్లేదు. అన్నాడు. అత్త కత్తిపీట పక్కన పెట్టి వేళ్ళు చీర కొంగుకి తుడుచుకుంది. ఒక్కో వేలూ తుడుచుకుంది. "సరే నాయనా," అంది, అంతే.

ఆ రోజంతా మూతల్ని థిన్నర్‌తో కడిగాం, గీకాం, మళ్ళీ కడిగాం. ఆదివారం అత్త ఒక్కతే చర్చికెళ్ళింది. బావ షెడ్డులో ఉప్పుకాగితం పట్టుకుని కూర్చున్నాడు, బయట మబ్బు చూస్తూ, పళ్ళు నూరుతూ. ఆ తేమలో ల్యాకర్ కొట్టలేం. సోమవారం పొద్దున్న ఎండ వచ్చింది.  ఒక పొర. రెండో పొర. ఇద్దరం మూతల మీదకి వంగాం. గుంట లేదు. దోమ కూడా రాలేదు.

బైకు మీద వెనక కూర్చుని ఆ పెట్టెల్ని అట్టపెట్టెలో పెట్టి పసిపిల్లల్లాగ ఒళ్ళో పట్టుకున్నాను. సత్యప్రసాద్ గారు ట్యూబులైటు కింద ఒక్కో మూతా వంచి వంచి చూశారు. గోరు పెట్టి గీరారు. 

"ముందే ఇలా కొట్టి ఉంటే నన్ను ఇన్నాళ్ళు రాజమండ్రి చుట్టూ తిప్పేవారు కాదు కదండీ," అన్నారాయన. "శ్రావణం సరుకు మొత్తం మీదే. మొదలెట్టెయ్యండి."

తిరిగొచ్చేటప్పుడు బావ దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. భీమవరం ఓనరుకి ఏమని చెప్పాలో రకరకాలుగా అనుకుని నవ్వాడు. ఇంటికి రాగానే ఒక పెట్టె షెడ్డులో పెట్టొచ్చి, చెప్పులు విప్పకుండానే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, పని మనకే ఇచ్చారు. ఒక పెట్టె వెనక్కి తెచ్చా, నీకోసం. షెడ్డులో వెలుతురులో పెట్టాను, వచ్చి చూడు."

అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు. "సంతోషం నాయనా. నేను రాకూడదు. నా చేతులు జిడ్డు."

"అది కాదమ్మా... కోపంలో అన్నాను. చేతులు కడుక్కుని రా."

"ఎందుకూ? నీ పెట్టెలు అంత శుభ్రం, నేనంత మురికా?"

బావ నా వైపు తిరిగాడు. "ఏరా, నువ్వైనా చెప్పు."

"అన్నది నువ్వు. నువ్వే చెప్పుకో," అన్నాను.

తిట్లు వచ్చినంత తేలిగ్గా తప్పయిందన్న ఆ ఒక్క మాటా ఆయనకి రాదు.  గుమ్మం పట్టుకున్నాడు, వదిలాడు. చివరికి అడిగింది వేరే.

"అన్నం పెడతావా?"

"గిన్నెలో ఉంది. పెట్టుకో."

ఆ ఇంట్లో బావ ఎప్పుడూ తనంతట తాను వడ్డించుకోలేదు. కంచం ఎక్కడుంటుందో కూడా వెతుక్కోవాల్సి వచ్చింది. అత్త చెప్పలేదు.