చింతపండు డబ్బాలో దాచిన పటం

అమ్మణ్ణీ, నువ్వు పోయి నెల దాటింది.

అట్లా పిలిస్తే గానీ నాకు చెయ్యి కదల్లేదు. చదివే మీకు చెప్తాండా. నా కూతురు పోయింది. ఇరవై ఆరేండ్లు. కిడ్నీలు రెండూ చెడిపోయి, మూడేండ్లుగా వారానికి మూడు తూర్లు బత్తలపల్లె నుంచి బస్సులో అనంతపురం పోయి రక్తం కడిగించుకోని వచ్చేది. ఆ పొద్దు గూడా బస్సుకే తయారయితా, జడ సగం అల్లుకోని, "మా, కండ్లు తిరుగుతాండాయి" అని నా భుజం మీద తల పెట్టింది. మళ్లా ఎత్తలేదు. తక్కిన సగం జడ నేనే అల్లినా.

నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే దిద్దుకోండి.

జబ్బు రాకముందు నా కూతురు బెంగుళూరులో బట్టల ఫ్యాక్టరీలో కుట్టే పనికి పోతాండె. ఆడ హాస్టల్లో ఎవురో పిల్ల టారో కార్డులు ఇచ్చిందంట. డెబ్బై ఎనిమిది పటాలు, అన్నీ బొమ్మలే. ఫోన్లో చూసి వాటి అర్థాలు నేర్చుకునింది. ఇంటికొచ్చినాక మధ్యాహ్నం మూడింటికి తిన్నె మీద కూసోని ఆ పటాలు కలుపుతాంటే వాడకట్టంతా చేరేవాళ్లు.

"ఏమ్మే, చిలక లేకుండానే జోస్యం చెప్తాండావంట" అనింది పక్కింటామె.

"చిలకను నేనే అత్తా, నా ముక్కు చూడు" అనింది నా కూతురు.

చెనక్కాయ ఏద్దామనుకుంటాండే మా అన్న వచ్చి, "పాపా, ఈ తూరి వానొస్తాదా రాదా, ఆ ఒక్కటి చెప్పు" అన్నాడు.

"పటం చెప్పదు మామా, అడుగుతాది. వాన రాకపోతే ఏం చేస్తావని అడుగుతాండాది."

"ఏం చేస్తాను, పోయిన తూరి చేసిందే చేస్తా."

"ఏం చేసినావు?"

"నిన్ను వచ్చి అడిగినా" అన్నాడు. అందరూ నవ్వినారు. అయినా ఆయన మర్నాడు సగం చేనుకు, తక్కువ వానకే పండే కొర్ర ఇత్తనం ఏసినాడు.

నాకు ఇంగిలీషు రాదు కాబట్టి బొమ్మను బట్టి నేనే పేర్లు పెట్టుకున్నా. ఒక పటంలో రెక్కలాయన ఒక లోటాలో నుంచి ఇంగో లోటాలోకి పోస్తాంటాడు. ఆయన పేరు టీ ఆర్చేటాయన. ఇంగోదాంట్లో చుక్కల కింద ఒకామె రెండు కడవల నీళ్లు వొంపుతాంటాది.

"ఎవురే ఈ బుద్ధిలేనామె? నీళ్లన్నీ నేలపాలు చేస్తాండాది" అన్నా.

నా కూతురు నవ్వి నవ్వి దగ్గింది. "అది ఆశ మా. మళ్లా ఊరుతాయని ఆమెకు నమ్మకం."

"మన బోరు చూసింటే తెలిసేది ఆమెకు."

ఒకడు చెట్టుకు కాలు కట్టేసుకోని తలకిందులుగా వేలాడుతాంటాడు. వాడు కనపడితే నేను పటం బోర్లా తిప్పేదాన్ని. "మొఖం చూడు మా, ఎంత నిమ్మళంగా ఉండాడో. ఆ మిషను కాడ నాలుగు గంటలు నేనూ ఇట్లే. కదలలేనప్పుడు లోకాన్ని ఇంగో పక్క నుంచి చూడొచ్చు" అనేది. రక్తం గొట్టాల్లో తిరుగుతాంటే ఎవురికి వస్తాది అట్లా చూసే ధైర్యం? నాకైతే రాలేదు.

ఎండాకాలం మొదట్లో దాని పానం బాగా చెడింది. ఆ పొద్దు తీసిన పటంలో తెల్ల గుర్రమెక్కిన ఎముకల మనిషి. కలిపి మళ్లా తీసింది. మళ్లా అదే.

"భయపడాకు మా. చావొస్తాదని కాదు. ఒకటి అయిపోయి ఇంగోటి మొదలయ్యేది అని. అయినా మా, నేను ఒకేళ..."

"నోరు ముయ్. పప్పు మాడుతాండాది" అని లోపలికి పోయినా. పొయ్యి మీద ఏమీ లేదు.

ఆ సాయంత్రం అది పండుకున్నప్పుడు ఆ పటం తీసి చింతపండు డబ్బాలో అడుక్కు తోసినా. పటం లేకపోతే చావు లేదని. అంతే నా తెలివి. తర్వాత రెండు తూర్లు "మా, ఒక మాట" అనింది. ఒక తూరి బిందె ఎత్తుకున్నా, ఇంగో తూరి మేకను అదిలించినా. ఆ మాట మళ్లా ఎత్తలేదు. నేనే గెలిచినా అనుకున్నా.

అది పోయినాక రోజూ మూడింటికి పటాలు కలిపే చప్పుడు వినపడుతాండాది. లేచి పోతే తిన్నె మీద ఎవురూ ఉండరు. "గాలికి చెనక్కాయ పొట్టు కదిలింటాది వదినా" అంటాది పక్కింటామె. పొట్టు చప్పుడు నాకు తెలీదా.

బంధువులు ఎల్లిపోయినాక చారుకని చింతపండు తీస్తే పటం చేతికి తగిలింది. నేను ఉత్తదే తోసినా. ఇప్పుడు దానికి ప్లాస్టిక్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు ఏసి ఉండాది. నా కూతురు చూసింది. తడి తగలకుండా చుట్టి, నేను దాచిన కాడే మళ్లా పెట్టింది. అన్నీ తెలిసి నా ముందర తెలీనట్ల తిరిగింది.

అది చెప్పబోయిన ఆ మాట ఏందో అని అప్పటి నుంచి నాకు నిదర లేదు.

పోయిన ఆదివారం ఒకామె వచ్చింది. కుందుర్పి ఆమె. ఆస్పత్రిలో నా కూతురి పక్క మంచం. ఆమె చేతికి గూడా నా కూతురికి ఉన్నట్లే సూది మచ్చలు.

"నీకేమన్నా చెప్పిందామ్మా?" అన్నా.

"మూడేండ్లు పక్కపక్కన పండుకున్నాం కదక్కా. అన్నీ చెప్పుకున్నాం."

"చావు గురించి?"

"అది గూడా. కొన్ని నాకే చెప్పింది, అవి నా కాడే ఉండనీ. ఒకటి మాత్రం నీకు చెప్పాల." కొంగు సర్దుకునింది. "నీ కూతురు ఎప్పుడూ, మా యమ్మ ఒకతే ఉంటే పొయ్యి ముట్టియ్యదు, నిలబడే నాలుగు ముద్దలు మింగి చెయ్యి కడుక్కుంటాది, నేను లేకపోతే ఆమె కూసోని తినిందా లేదా అని చూసేటోళ్లు యాడుండారు అనేది. అదే దాని దిగులు. నీతో చెప్దామంటే నువ్వు ఇనవంట."

చావు మాట ఎత్తుతాదని నేను నోరు మూయిస్తి. ఆ పిల్ల ఎత్తబోయింది నా అన్నం మాట.

లేచి సంగటి కెలికినా. ఆమె "నాకు కొంచెమే పెట్టక్కా, మాకు నీళ్లు గూడా కొలతే, అర లోటా చాలు" అనింది. ఇద్దరం కింద కూసున్నాం. ఆమెది రెండు ముద్దల్లో అయిపోయింది. బస్సు టైమయినా లేవకుండా, నా చెయ్యి తట్టలో నుంచి నోటి కాడికి పోయేది చూస్తా కూసునింది. నేను మొత్తం తిన్నా. తట్ట తుడిచినట్ల అయినాకనే ఆమె లేచి చెప్పులు తొడుక్కునింది.

ఇంతసేపు చదివినారు. పోయి కూసోని, కడుపునిండా తినండి.