గాజుపెట్టెలో ఇద్దరు

మా వదిన ఎముకలు పొడి చేస్తుందంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు. ఆడపడుచు నోట వదిన గురించి మంచిమాట రావడం అరుదే అనుకోండి, అయినా ఉన్నమాట చెబుతాను. వేల ఏళ్ల కిందటి మనుషుల చెవి వెనక ఎముకను సన్నటి డ్రిల్లుతో తొలిచి చిటికెడు పొడి తీయడం ఆమె ఉద్యోగం. ఆ పొడిలోని డీఎన్ఏ చదివి, ఎవరు ఎక్కడినుంచి వలస వచ్చారో పెద్ద శాస్త్రవేత్తలు తేలుస్తారు. ఆ పొడిలో మన నోటి తుంపర ఒక్కటి పడిందా, పాతమనిషి బదులు మనమే ఫలితంలో తేలతాం. అందుకే పోల్చి చూడటానికి పనివాళ్లందరి ఉమ్మీ ముందే తీసి పెట్టుకుంటారు. ఇంట్లో గలగలా వాగే మా వదిన అక్కడ నోటికి తాళం వేసుకుంటుంది.

ఆమె మా అన్నకు రెండో భార్య. మొదటి వదిన పోయేనాటికి నా మేనకోడలికి మాటలైనా రాలేదు. ఈమెను అది పిన్నీ అంటుంది. సవతితల్లి ఎంతైనా సవతితల్లేనని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. వాళ్ల నోళ్లు పడిపోను, ఆ పిల్ల టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడు ఒక్కరైనా తొంగి చూశారా?

మ్యూజియంలో ఒక గాజుపెట్టె ఉంది. అందులో ఒక ఆడమనిషి అస్థిపంజరం, ఆమె చేతిమీద తల ఆనించిన చిన్నపిల్లది. ఇద్దరూ ఇక్కడి నది ఒడ్డున ఒకే గోతిలో దొరికారు. ‘తల్లీబిడ్డలు’ అని బోర్డు పెట్టారు. మా పిల్లకు ఆ పెట్టె అంటే ప్రాణం. సెలవొస్తే చాలు, వెళ్లి దాని ముందు నిలబడేది. ఎందుకని ఎవరూ అడగలేదు, అడగాల్సిన పనీ లేదు.

ఆ ఎముకలు మా వదిన చేతికే వచ్చాయి. తీరా చూస్తే ఇద్దరికీ రక్తసంబంధమే లేదు. ఆ ఆడమనిషి పూర్వీకులు ఎక్కడో దూరపు గడ్డిమైదానాలనుంచి పశువులు తోలుకొచ్చినవాళ్లు, పిల్లది తరతరాలుగా ఈ నదీతీరమే. వదిన తన ఉమ్మే పడిందేమో సరిచూడమని తానే అడిగింది. తప్పు తనదే కావాలని కోరుకున్న మనిషి ఆ ల్యాబ్‌లో ఈవిడొక్కతే అయివుంటుంది. ఆమెది కాదన్నారు. రెండో చెవి ఎముక తొలిచినా అదే మాట.

బోర్డు మార్చేలోగా పిల్లకు తానే చెబుతానంది. నేను వద్దన్నాను. దాని నమ్మకాన్ని నీ చేత్తో తీసేస్తే జన్మలో క్షమించదన్నాను.

“రేపు బోర్డు చూసి, నా దగ్గర దాచావంటుంది. ఆ తరవాత నేనేం చెప్పినా నమ్ముతుందా?” అంది వదిన.

ముగ్గురం మ్యూజియానికి వెళ్లాం. పెట్టె ముందు నిలబెట్టి అంతా చెప్పేసింది. పిల్ల గాజుకు ముఖం ఆనించి చాలాసేపు చూసింది.

“అయితే ఈమె కనలేదన్నమాట.”

“లేదమ్మా.”

“పాతిపెట్టినవాళ్లకు ఆ సంగతి తెలుసా, పిన్నీ?”

“పదిమంది కలిసి బతికే చోటు. తెలిసే ఉంటుంది.”

“తెలిసీ తెచ్చి ఈమె చేతిమీదే పడుకోబెట్టారంటే, ఈమే అమ్మని వాళ్లందరికీ తెలుసు” అంది పిల్ల.

మా వదిన అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.