బావ సబ్‌వూఫర్

చిల్కానగర్‌లో ఉండే మా బావ హోమ్ థియేటర్ కొని, అందులో దరువు పలికించే డబ్బా అయిన సబ్‌వూఫర్‌ను షోకేసు పక్క మూలకు నెట్టి, నాబ్ చివరిదాకా తిప్పేశాడు. పాట పెడితే షోకేసులో గ్లాసులు గజగజ వణికేవి. ఇంటికొచ్చిన వాళ్లందరికీ పాట కాదు, ఆ వణుకు చూపించి మురిసిపోయేవాడు. నాకు ఒళ్లు మండింది.

ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లి, సబ్‌వూఫర్‌ను సోఫాలో బావ కూర్చునే చోట పెట్టి, డీవీడీలో పాట వేసి, గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ విన్నాను. దరువు ఎక్కడ శుభ్రంగా వినిపిస్తే అదే దాని చోటు. అది టీవీ పక్కన దొరికింది. అక్కడికి మార్చి నాబ్ తగ్గించాను. ఢోలక్ మీద ఒక్కో దెబ్బ విడివిడిగా పలికింది. గ్లాసులు నోరు మూసుకున్నాయి.

బావ మొహం మాడిపోయింది. "మంచిగున్నదాన్ని ఖరాబు జేసినవ్ గదరా! గ్లాసులు అదురుతనే లేవు!" అని అరిచాడు. మామూలు మాట కూడా అరిచి చెప్పడం ఆయనకు అలవాటు.

"గ్లాసులే అదరాల్నంటే షోకేసును ఆటోల పెట్టి ఉప్పల్ రోడ్డు గుంతల మీద తిప్పు బావా," అని విసురుగా వంటింట్లోకి వెళ్లాను.

అక్క నీళ్లు చేతికిచ్చి మెల్లగా చెప్పింది. "ఇరవై ఏండ్ల సంది నాచారంల రేకులు గుద్దే ప్రెస్సు మిషిన్ మీద పనిజేస్తుండు. ఆ సప్పుడుకు చెవులు సగం పోయినయ్. గ్లాసులు అదురుడు సూస్తెనే ఆయనకు పాట నడుస్తున్నదని ఎర్కైతది."

హాల్లోకి వచ్చి సబ్‌వూఫర్‌ను నా చేతులతోనే మళ్లీ మూలకు నెట్టి, నాబ్ చివరిదాకా తిప్పాను.