జైనబ్ తిప్పి పెట్టిన రెండు అయస్కాంతాలు

2005 ఆగస్టు 12, శుక్రవారం, పగలు పదకొండు గంటలు. అచ్చంపేట బస్టాండు వెనుక మోటారు వైండింగు షాపులో జైనబ్ టార్చి బల్బు వెలిగించింది. బ్యాటరీ లేదు, కరెంటు స్తంభం లేదు. ఒక సైకిలు చక్రం, నాలుగు అయస్కాంతాలు, నాలుగు రాగితీగ చుట్టలు, అంతే!

అంతకు ముందు ఆమె సాధించినవి తక్కువేమీ కావు. చదివింది ఏడో తరగతే. భర్త ఇస్మాయిల్ పక్కన కూర్చునే తీగ చుట్టడం నేర్చింది. 2002 ఎండాకాలంలో ఒక్క నెలలో ముప్పై ఒక్క బోరు మోటార్లు చుట్టింది. ఒక్కటంటే ఒక్కటి కాలిపోయి తిరిగి రాలేదు! ఇస్మాయిల్ చేతులకు వణుకు వచ్చాక షాపంతా ఆమే నడిపింది. అయినా మరిది జావేద్‌కు నమ్మకం కుదరలేదు. షాపు మూసేసి, తీగ చుట్టే మిషను గోపాల్‌పేట వాళ్లకు ఇచ్చేద్దామని పట్టుబట్టాడు.

అప్పుడే నర్సు సారమ్మ వచ్చింది. నల్లమల లోపల ఆమె పనిచేసే చిన్న దవాఖానకు కరెంటు లేదు. పక్కనే వాగు మాత్రం పారుతోంది.

“జైనబక్కా, వాగు నీళ్లతోని చక్రం తిప్పి లైటు ఎలిగియ్యొచ్చంటరు. నీతోని అయితదా?”

“ఎందుకు కాదు?” అంది జైనబ్.

జావేద్ పకపకా నవ్వాడు. “భాభీ, నీకు కరెంటు తినే మోటార్లు తెలుసు. కరెంటును కనే మోటారు ఎన్నడన్న చూసినవా?”

“శుక్రవారం రా, చూపిస్త.”

“ఎలగకుంటే?”

“మిషను నువ్వే మోసుకపో.”

మైకుసెట్టు ఎల్లన్న ఇచ్చిన పగిలిన స్పీకర్ల నుంచి అయస్కాంతాలు ఊడదీసి, సైకిలు వెనుక చక్రానికి బిగించిన ఇనుప పళ్లెం మీద అమర్చింది. వాటికి ఎదురుగా చెక్క మీద తీగచుట్టలు నిలబెట్టింది. శుక్రవారం పొద్దున జావేదే సీటెక్కి తొక్కాడు. చెమటలు కారాయి గానీ బల్బు మిణుకుమనలేదు. మిషను తీసుకుపోవడానికి బయట గోపాల్‌పేట ఆటో వచ్చి నిలబడింది.

“నా మోకాళ్లు పోయినయి, భాభీ. జుమ్మా నమాజుకన్న నడువనియ్యి.”

జైనబ్ తీగచుట్టల కలయికలు మళ్లీ తడిమి చూసింది. బల్ల మీద కూర్చున్న ఇస్మాయిల్ నెమ్మదిగా అడిగాడు. “తీగచుట్ట ముందర అయస్కాంతం కదిలితే కరెంటు పుట్టాలె. చుట్టలు ఎట్ల కలిపినవు?”

“మోటారుకు కలిపినట్టే. ఒకటి సీదా, పక్కది ఉల్టా.”

“మరి అయస్కాంతాలు?”

“అన్నీ ఒక్క మొగంతోనే...” అంటూ ఆగిపోయింది జైనబ్. “యా అల్లా! అజీ, దొరికింది!”

ఆమె చుట్టే మోటార్లలో అయస్కాంతమే ఉండదు. కరెంటు ఇస్తే తీగచుట్టలే అయస్కాంతాలవుతాయి. అందుకే ఏళ్ల తరబడి ఆమె చూపంతా చుట్టల కలయిక మీదే. ఇక్కడ అయస్కాంతాలన్నీ ఒకే ముఖం, అంటే ఒకే ధ్రువం, చుట్టల వైపు ఉంచి తిరగడంతో రెండు చుట్టలు పుట్టించిన కరెంటును ఉల్టా కలిపిన రెండు చుట్టలు మింగేస్తున్నాయి!

నాలుగింటిలో ఒకటి విడిచి ఒకటి, రెండు అయస్కాంతాలను తిప్పి బిగించింది.

“తొక్కు, జావేద్!”

చక్రం గిర్రున తిరిగింది. బల్బు ఎర్రగా మిణుకుమని, తెల్లగా వెలిగింది!

“అరె భాభీ! కన్నది, నీ మోటారు కన్నది!” జావేద్ దిగితే ఒట్టు. ఇంకా ఇంకా తొక్కాడు. ఆటో ఖాళీగా వెళ్లిపోయింది.

ఇప్పుడు జైనబ్ పన్నెండు అయస్కాంతాల పెద్ద చక్రంతో సారమ్మ వెంట నల్లమలలో ఉంది. మిషను షాపులోనే ఉంది, దాని ముందు జావేద్ ఉన్నాడు. కాలిన మోటారు తెచ్చిన మాసయ్య నిన్న అడిగాడు: “జైనబమ్మ ఏడ పోయింది?”

“వాగుకు కరెంటు కనుడు నేర్పనీకె పోయింది, మామా.”

“ఎన్నడొస్తది మరి?”

జావేద్ షట్టరు పక్క గోడ మీద సుద్దతో పెద్దగా రాసి ఉన్నది గర్వంగా చూపించాడు: సెప్టెంబరు 4, ఆదివారం.