చిలకపచ్చ బండి తెల్లబడిన వైనం

జగ్గయ్యపేటలో పైపులూ పంపులూ కుళాయిలూ అమ్మే భవానీప్రసాద్ నలభై అయిదేళ్ళు నిండేదాకా ఎవరి కంటా పడకుండానే బతికాడు. పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళు అతని ఆకు దాటేసి పక్క ఆకులో పప్పు వేసేవారు. వర్తక సంఘం ఫొటోల్లో అతనివి ఎప్పుడూ ఒక చెవీ, సగం చెంపా పడేవి. సొంత కొట్లో కూడా వచ్చినవాళ్ళు కౌంటరు దగ్గర కూర్చున్న అతని భార్య కమలాకుమారిని "అమ్మా, ఒకటిన్నర అంగుళం ఎల్బో ఉందా?" అని అడిగేవారు. అతను ఎల్బోల పెట్టె పక్కనే నిలబడి ఉండేవాడు.

అలాంటి మనిషికి నలభై ఆరో ఏట ఓ పాత కారు దొరికింది. తెల్లటిది, నెమ్మదైనది. సర్వీసింగ్ చేయిద్దామని నందిగామలో షెడ్డు నడిపే స్టీవెన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పుడే స్టీవెన్ ఎవరిదో బండికి కొత్త సైలెన్సర్ బిగించి, యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కాడు. రోడ్డవతల టీ తాగుతున్న పదిమందీ గ్లాసులు దించి ఇటు తిరిగారు. పదిమందీ! భవానీప్రసాద్ ఆ తలలు లెక్కపెట్టుకుని, సైలెన్సర్ వైపు వేలు చూపించాడు.

"ఇది నా బండికి పడుతుందా?"

"పడుద్ది సార్. కానీ మీకెందుకూ..."

"పెట్టెయ్."

సైలెన్సర్‌తో మొదలైంది అక్కడితో ఆగలేదు. చక్రాలు లావెక్కి బాడీ దాటి బయటికొచ్చాయి. అద్దాలు నల్లబడ్డాయి. తెలుపు పోయి చిలకపచ్చ వచ్చింది. ఓడ కూతలాంటి హారన్ వచ్చింది. డిక్కీ మీద రెక్క మొలిచింది. బండి మెరుపులా దూసుకుపోతున్నప్పుడు గాల్లోకి లేవకుండా అది ఆపుతుందట. భవానీప్రసాద్ ఏనాడూ అరవై దాటి తోలలేదు. పందెం కార్లకు వేసే ఎర్ర సీట్లో కూర్చోవాలంటే ముందు నడుము, తర్వాత తల లోపలికి పంపి, ఆఖర్న ఒక్కో కాలూ చేత్తో పట్టుకుని పెట్టుకోవాల్సొచ్చేది. కమలాకుమారి ఒకసారి ఎక్కి, దిగడానికి ఇద్దరు ఆడవాళ్ళ సాయం తీసుకుని, మళ్ళీ ఎక్కలేదు. అయితేనేం, బండి బజార్లోకి వస్తే జనం తిరిగి చూసేవారు. కొందరు తిట్టేవారు. తిట్టాలన్నా ముందు చూడాలి కదా అని అతను లోలోపల మురిసిపోయేవాడు.

ఆ మురిపెంలో, బండి నుంచి ఊడదీసిన అసలు సామానంతా అడిగినవాళ్ళకు అడిగినట్టు పంచిపెట్టేశాడు.

ఓ ఆదివారం విజయవాడలో నిశ్చితార్థానికి బయల్దేరాడు. కంచికచర్ల దాటాక హైవే మీద ఎస్సై సతీష్‌బాబు బండి ఆపి, నల్లటి అద్దం మీద వేళ్ళతో కొట్టాడు.

"దిగు తమ్ముడూ."

తమ్ముడు దిగడానికి చాలాసేపు పట్టింది. ముందు బట్టతల, తర్వాత కళ్ళజోడు, ఆ వెనక పట్టుపంచె బయటికొచ్చాయి. ఎస్సై గొంతు మార్చేశాడు.

"అయ్యో, మీరాండి! కుర్రాడనుకున్నా. మీ అబ్బాయి బండా?"

"అవునండి. మా అబ్బాయిదే."

భవానీప్రసాద్‌కు ఉన్నది ఒక్కతే కూతురు.

"అయితే ఫోన్ చేసి అతన్ని రమ్మనండి. ఈ వయసులో మీకెందుకండి ఈ ఇబ్బంది?"

భవానీప్రసాద్ పక్కకెళ్ళి భార్యకు ఫోన్ చేశాడు. "కమలా, మనకో అబ్బాయి ఉంటే బాగుండేదే."

అవతల కమలాకుమారి గొంతు తగ్గించింది. "ఇప్పుడేంటండీ ఆ మాట, కొట్లో జనం పెట్టుకుని?"

చివరికి నిజం చెప్పక తప్పలేదు. ఎస్సై ఆర్‌సీ తిరగేసి చూశాడు. "రంగు తెలుపని ఉంది. తెలుపెక్కడుందండి?"

"డిక్కీ మూత లోపల కొంచెం మిగిలిందండి."

ఆ కొంచెం తెలుపు బండిని కాపాడలేకపోయింది. బండి ఠాణా వెనక ఖాళీ స్థలానికి చేరింది. భవానీప్రసాద్ పట్టుపంచెతో బస్సెక్కి ఇల్లు చేరాడు. బస్సులో అతన్ని ఎవరూ చూడలేదు.

తర్వాత నోటీసు వచ్చింది. బండిని ఆర్‌సీలో ఉన్నట్టు పూర్వరూపానికి తెచ్చి, నందిగామ రవాణా ఆఫీసులో చూపిస్తే విడుదల చేస్తారు. అతను ఠాణాకు వెళ్ళి, బాగుచేయించుకుంటాను ఇమ్మన్నాడు. విడుదల కాగితం లేనిదే గేటు దాటనివ్వం అన్నారు. రవాణా ఆఫీసుకు వెళ్ళి ఆ కాగితం అడిగాడు. బాగుచేసిన బండిని చూడనిదే కాగితం ఇవ్వం అన్నారు. రెండు చోట్లా మర్యాదగానే చెప్పారు. రెండు చోట్లా అతను "సరేనండి" అని తిరిగొచ్చాడు. అలా నాలుగుసార్లు తిరిగాడు. ఈలోగా వానాకాలం వచ్చింది. బానెట్ కింద ఓ ఎలుకల కుటుంబం కాపురం పెట్టి, వైర్లన్నీ కొరికి పిల్లలకు మెత్తటి పడక వేసింది.

అయిదోసారి కమలాకుమారి కొట్టు మూసి అతనితో వెళ్ళింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నీరజ గారి టేబులు ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమ్మా, బండి రోడ్డెక్కితే తప్పంటున్నారు. ఎక్కకపోతే బాగుపడదు. దానికి రెక్క కూడా పెట్టించాడు మా ఆయన. ఎగిరి రమ్మంటారా?"

నీరజ గారికి నవ్వొచ్చింది. ఫైలు తెప్పించుకుని చూసింది. బండిని ఎవరూ తోలకుండా, లారీ మీద షెడ్డుకు చేర్చి, నెల్లోపు బాగుచేసి, మళ్ళీ లారీ మీదే తెచ్చి చూపించాలని ఠాణాకు ఉత్తరం రాసి సంతకం పెట్టింది. పది నిమిషాల పని.

"ఇన్నిసార్లు వచ్చారు కదా, ఈ సంగతి మీరెందుకు అడగలేదండి?" అంది భవానీప్రసాద్‌తో.

"మీరు చెబుతారని చూశానండి."

స్టీవెన్ షెడ్డులో బండి దిగింది. స్టీవెన్ దాని చుట్టూ తిరిగి నిట్టూర్చాడు. "ఎంత ఇష్టంగా చేశాను సార్ దీన్ని! తీసెయ్యాలంటే చేతులు రావట్లేదు." అయితే తీసే పనికి ఇంత అని చెప్పేటప్పుడు మాత్రం నోరు తేలిగ్గానే వచ్చింది. "అసలు సామాను తెచ్చుకోండి సార్. కొత్తవి ఇప్పుడు దొరకవు, ఆ మోడల్ ఆపేశారు."

దాంతో భవానీప్రసాద్ తను చేసిన దానాలన్నీ వెనక్కి అడుక్కోడానికి బయల్దేరాడు.

సీట్లు రత్నబాబు సెలూన్లో ఉన్నాయి. రెండింటిలోనూ మనుషులున్నారు, ఒకాయన నిద్రపోతున్నాడు. రత్నబాబు కత్తెర ఆపకుండానే, "మూడోవారు మీరేనండి, కూర్చోండి" అన్నాడు. సీట్ల కోసం వచ్చానని చెప్పేలోపు అతని మెడకు గుడ్డ చుట్టేశాడు. ఉన్న నాలుగు వెంట్రుకలూ కత్తిరించుకుని, బదులుగా రెండు కొత్త కుర్చీలు కొనిచ్చి, సీట్లు ఆటోలో వేసుకొచ్చాడు.

ముందు బంపరు పక్కింటి నాగేంద్రమ్మ పెరట్లో ఉంది. దాని మీదికి చిక్కుడు పాదు అల్లుకుని, పూత మీదుంది.

"కాపు అయిపోనియ్యి ప్రసాదూ, నీ బంపరు నేనేం చేసుకుంటా?"

"గడువు నెలేనండి పిన్నిగారూ."

"పూత మీదున్న పాదును కదిలిస్తారట్రా ఎవరైనా?"

అతను కొట్లోంచి పైపులూ ఎల్బోలూ తెచ్చి, ఓ పూటంతా కూర్చుని పందిరి కట్టి, తీగల్ని ఒక్కొక్కటే విప్పి దాని మీదికి ఎక్కించాడు. నాగేంద్రమ్మ పక్కనే నిలబడి ఏ తీగ ఎటు పోవాలో చెప్పింది.

సైలెన్సర్ పెనుగంచిప్రోలు రైతు సుబ్బరాయుడు దగ్గర దొరికింది. తన పొలంలో ఆయిలింజనుకు బిగించుకున్నాడు. అడగ్గానే ఇస్తానన్నాడు.

"తీసుకెళ్ళండి. ఇది పెట్టాక ఇంజను ఆడుతుందో లేదో చెవి పెట్టి వినాల్సొస్తోంది. మీ బండికున్న ఆ గోల సైలెన్సర్ ఇటివ్వండి."

"దాంతో మీకేం పనండి?"

"మొక్కజొన్న మీద అడవిపందులు పడుతున్నాయి. అప్పుడెప్పుడో మీరు మా డొంక పక్కన వెళ్ళారు చూడండి, వారం దాకా ఒక్క పంది రాలేదు."

ఇన్నాళ్ళూ తన్ని చూసి తలలు తిప్పిన జనమూ, పారిపోయిన పందులూ భవానీప్రసాద్ కళ్ళముందు ఒకే వరసలో నిలబడ్డారు. మర్నాడే సైలెన్సర్లు మార్చుకున్నారు.

ఇక ఎలుకలు ఖాళీ చేశాయి, వైర్లు కొత్తవి పడ్డాయి, రెక్క ఊడింది, చక్రాలు లోపలికొచ్చాయి. చిలకపచ్చ మీద తెలుపు మూడు పూతలు పూస్తేగానీ అణగలేదు. అంతా అయ్యాక భవానీప్రసాద్ స్టీవెన్‌ను పక్కకు పిలిచాడు.

"హారన్ ఒక్కటీ ఉండనీ. ఇన్‌స్పెక్టరమ్మ నొక్కి చూస్తుందా ఏంటి?"

"సార్, వద్దు సార్."

"ఉండనియ్యవయ్యా."

తనిఖీ రోజు నీరజ గారు ఆర్‌సీ చేత్తో పట్టుకుని బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఛాసిస్ నంబరు చూసింది, అద్దాలు చూసింది, లైట్లు వేయించింది. "స్టార్ట్ చెయ్యండి" అంది.

"చేశానండి. ఆడుతోందండి."

ఆవిడ వంగి విని, తలూపింది. పెన్ను తీసింది. తీసి, ఏదో గుర్తొచ్చినట్టు కిటికీలోంచి చెయ్యి పెట్టి హారన్ నొక్కింది.

నందిగామలో ఆ మధ్యాహ్నం ఓడ కూసింది. లైసెన్సుల కోసం లైన్లో నిలబడ్డవాళ్ళంతా కాగితాలు దించి ఇటు చూశారు. అంతమంది ఒక్కసారిగా చూస్తే భవానీప్రసాద్‌కు ఈసారి భూమిలోకి దిగిపోవాలనిపించింది. స్టీవెన్ తన సంచిలోంచి అసలు హారన్ తీసి, స్క్రూడ్రైవర్‌తో అక్కడికక్కడే మార్చాడు. దాన్ని ముందే తెచ్చిపెట్టుకున్నాడు. నీరజ గారు మళ్ళీ నొక్కింది. అది "కీ" అంది. ఆవిడ సంతకం పెట్టింది.

ఠాణాలో కాగితాలిచ్చి, కట్టాల్సింది కట్టి, దంపతులిద్దరూ బండెక్కి ఇంటికి బయల్దేరారు. దారి పొడుగునా కమలాకుమారి మాట్లాడుతూనే ఉంది. ఇప్పుడు మాట వినపడుతోంది మరి. హైవే మీద తనిఖీ చేస్తున్న పోలీసులు వాళ్ళ వంక కనీసం తలైనా తిప్పలేదు.

చిల్లకల్లు అడ్డరోడ్డు దగ్గర సంచులతో నిలబడ్డ ముసలి దంపతులు చెయ్యెత్తారు. కోదాడ వైపు వాళ్ళలా ఉన్నారు.

"పెనుగంచిప్రోలు పోతదా బాబూ? తిరుపతమ్మ గుడికి. ఏం తీసుకుంటవ్?"

తెల్ల బండి, బట్టతల డ్రైవరు. కిరాయి కారనుకున్నారు. భవానీప్రసాద్ ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయేంతలో కమలాకుమారి వెనక తలుపు తెరిచేసింది.

"ఎక్కండమ్మా." తర్వాత భర్త వైపు వంగి గొంతు తగ్గించింది. "డబ్బులు మాత్రం ముట్టుకోకండి. సొంత బండికి కిరాయి తీసుకుంటే అది ఇంకో కేసంట. రవాణా ఆఫీసు గోడ మీద రాసుంది, చదివా."

అతను బండి పెనుగంచిప్రోలు వైపు తిప్పాడు. వెనక సీట్లో ముసలాయన కాళ్ళు చాపుకున్నాడు.

"బండి మంచిగున్నది బాబూ, సప్పుడే లేదు. దర్శనం అయినంక మళ్ళ కోదాడ బస్సు కాడ దింపుతవా?"

"దింపుతానండి," అన్నాడు భవానీప్రసాద్.